చిలుకకు రాని మాట

అనగనగా ఒక రాజు. ఊఁ కొట్టండర్రా, ఊఁ కొట్టకపోతే రాజుగారు అలిగి సింహాసనం దిగి వెళ్ళిపోతారు. ఆ రాజు పేరు వజ్రకేతుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుడికి కత్తంటే ప్రాణం. రెండోవాడు శూరకేతుడికి గుర్రమంటే ప్రాణం. మూడోవాడు సుకేతుడికి మాటంటే ప్రాణం. "మా చిన్నోడు మాటని కంసాలి త్రాసులో తూచిగానీ బయటపెట్టడు" అని తల్లి మురిసిపోయేది. "వాడి తూకం తెమిలేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది" అని అన్నలు వెక్కిరించేవారు.

ఒకనాడు ధూమ్రనేత్రుడనే మంత్రగాడు సభకి వచ్చి, తనని మంత్రిగా పెట్టుకోమన్నాడు. రాజు పొమ్మన్నాడు. వాడు పళ్ళు పటపట కొరికి, రాజుగారి మతిని గుప్పిట్లో పట్టుకుని ఏడు సముద్రాల అవతలికి ఎగిరిపోయాడు. ఇంకేముంది! రాజుగారు కిరీటాన్ని కాలికి తొడుక్కుని, చెప్పులు నెత్తిన పెట్టుకున్నారు. రాణిగారిని చూసి "ఎవరమ్మా నువ్వు?" అన్నారు. ఆ తల్లి గుండె చెరువైపోయింది. వైద్యులు నాడి చూసి, "గందరగోళం మహారాణీ" అని శొంఠి కషాయం పోశారు. ఎవరికేం వచ్చినా వాళ్ళు చెప్పే పేరు అదే, పోసే కషాయం అదే. కషాయానికి మతి తిరిగొస్తుందా?

మంత్రగాణ్ణి పట్టుకొస్తానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. మూడోవాడు తల్లి కాళ్ళకి మొక్కాడు.

"నువ్వూ పోతే నాకు దిక్కెవర్రా?" అంది తల్లి.

"నాన్నగారు నిన్ను గుర్తుపట్టాలి కదమ్మా" అని సుకేతుడు బయల్దేరాడు.

పోగా పోగా ఒక కుంట. దాని గట్టున ఒక కోడి అటూ ఇటూ పరుగెడుతోంది. "అయ్యో, నా పిల్లలు ఇవాళ మళ్ళీ నీళ్ళలోకి దిగారు, మునిగిపోతున్నారు! నీలాంటివాళ్ళే ఇద్దరు ఈ దారిన పోతూ, నీది గందరగోళం, కూర్చుని ఆలోచించుకో అన్నారు. కడుపు తరుక్కుపోతుంటే ఆలోచనెక్కడిది నాయనా!"

సుకేతుడు మాటని తూచాడు. "అత్తా, నీది కంగారు. కంగారుకి ఆలోచన మందు కాదు, ధైర్యం మందు. ఆ పిల్లల కాళ్ళు చూడు, వేళ్ళ మధ్య చర్మం ఉంది. అవి హంసపిల్లలు. మునగవు."

కోడి చూసింది. చూసి, హమ్మయ్య అని చతికిలబడింది. అంతలో వాటి కన్నతల్లి హంస వచ్చి వాలింది. "నా గుడ్లు వరదలో కొట్టుకొస్తే పొదిగి పెట్టిన పుణ్యాత్మురాలు ఈమె. ఈమె కంగారు తీర్చావు. ఎక్కడికి పోవాలో చెప్పు" అని సుకేతుణ్ణి వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటారు, రెండు సముద్రాలు దాటారు, ఏడు సముద్రాలూ దాటారు.

ఆవలి ఒడ్డున ఒక కోతి వలలో పడి గింజుకుంటోంది. గింజుకున్న కొద్దీ వల బిగుస్తోంది.

"అంతా గందరగోళం!" అని కేకలేసింది కోతి.

"కాదు మామా, నీది చిక్కు. చిక్కుకి బలం మందు కాదు, కొస మందు" అని సుకేతుడు వల కొస వెతికి, ఓపిగ్గా విప్పాడు.

కోతి ఒళ్ళు దులుపుకుని చెవిలో చెప్పింది. "మంత్రగాడి ప్రాణం వాడి చిలుకలో ఉంది. మనుషుల మతి చెదిరే తీరులు వాడు ఎన్ని ఎరుగునో, వాటి పేర్లన్నీ దానికి వచ్చు. దానికి రాని పేరు చెబితే పంజరం తెరుచుకుంటుంది, వాడి పని సరి. కానీ ఉత్తుత్తి పేర్లు చెల్లవు. చెప్పేవాడి గుండెలో అది నిజంగా ఉండాలి. మూడుసార్లు తప్పితే రాయైపోతావు."

మంత్రగాడి కోట నిండా రాతిమనుషులే. ఓడలెక్కి వచ్చిన అన్నలిద్దరూ వాళ్ళలోనే ఉన్నారు. చిలుక పంజరం ముందు ధూమ్రనేత్రుడు కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక అమ్మాయి చిలుకకి గింజలు పోస్తోంది. పేరు వకుళమంజరి. ఆమె కూడా రాజకుమార్తే, మంత్రగాడు ఎత్తుకొచ్చి చాకిరీకి పెట్టాడు.

అన్నల్ని చూడగానే సుకేతుడికి నాలుక తడబడింది. "నాది తత్తరపాటు" అన్నాడు చిలుకతో.

"తత్తరపాటు! వచ్చు, వచ్చు!" అంది చిలుక. సుకేతుడు మోకాళ్ళ దాకా రాయైపోయాడు.

"అన్నల్ని ముందు విడిపించాలో, నాన్నగారి మతిని ముందు దక్కించుకోవాలో తెలియడం లేదు. నాది సందిగ్ధం."

"సందిగ్ధం! వచ్చు, వచ్చు!" నడుము దాకా రాయి.

ధూమ్రనేత్రుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఊఁ, త్వరగా కానీ!"

అప్పుడు వకుళమంజరి మొదటిసారి నోరు విప్పింది. "తొందరపడకండి. తూచే చెప్పండి. మాటని ఇంత పదిలంగా పట్టుకున్నవాళ్ళని నేను ఇప్పటిదాకా చూడలేదు." అని, సుకేతుడి వైపు చూసి నవ్వింది.

సుకేతుడి చెవులు ఎర్రబడ్డాయి. రాయైన కాళ్ళ సంగతే మరిచిపోయాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె ఎదుట ఆ మాట అనాలంటే సిగ్గుతో ప్రాణం పోయేట్టుంది. అనకపోతే నిజంగానే పోతుంది.

"చెప్పవేం? కంగారా? అయోమయమా?" అని గద్దించాడు మంత్రగాడు.

"అవన్నీ చేదు. ఇది తీపి" అన్నాడు సుకేతుడు తల వంచుకుని. "సంతోషం పట్టలేక మాట తడబడుతోంది. నేను తబ్బిబ్బవుతున్నాను."

చిలుక నోరు తెరిచింది. "త... తబ్... తబ్..." మాట రాలేదు. ఎలా వస్తుంది? దాని యజమాని పుట్టి బుద్ధెరిగి ఒక్కసారైనా ఎవరినైనా చూసి సంతోషంతో తడబడితే కదా! వాడు దుర్మార్గుడే గానీ, ఇక్కడికొచ్చేసరికి నాకు వాడి మీద జాలేస్తుంది.

పంజరం తెరుచుకుంది. చిలుక తుర్రుమంది. దానితోపాటే ధూమ్రనేత్రుడి ప్రాణమూ పోయింది. వాడి గుప్పిట విడి, రాజుగారి మతి మిణుకుమంటూ సముద్రాల మీదుగా ఇల్లు చేరింది. రాళ్ళన్నీ మనుషులై ఒళ్ళు విరుచుకున్నాయి. అన్నలిద్దరూ తమ్ముణ్ణి భుజాలకెత్తుకున్నారు.

అక్కడ కోటలో వజ్రకేతుడు కళ్ళు నులుముకుని, ఎదురుగా ఉన్న రాణిని చూసి, "ఇన్నాళ్ళూ ఎక్కడికి వెళ్ళావు?" అన్నాడు.

"నేనెక్కడికీ వెళ్ళలేదండీ, మీరే వెళ్ళారు" అంది రాణి. నవ్వుతూనే ఏడ్చింది.

సుకేతుడికీ వకుళమంజరికీ అంగరంగ వైభవంగా పెళ్ళయింది. అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. ఆ రాజ్యంలో ఎవరైనా మతి చెదిరి కూలబడితే ఇప్పటికీ ఎవరూ కషాయం పొయ్యరు. పక్కన కూర్చుని, "ఎలా ఉందో చెప్పు, దాని పేరేమిటో ఇద్దరం కలిసి వెతుకుదాం" అంటారు.

కథ కంచి దారి పట్టింది, మీరిక అన్నాల దారి పట్టండి.