నూకరత్నం, నీటికుక్క కూనలు

అనగనగా గోదారి సముద్రంలో కలిసేచోట, మడ చెట్ల నడుమ, ఓ చిన్న ఊరుండేది బంగారూ. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ. మొగుడు పోయాక ఒక్కతే పడవేసుకుని, పాయలో వల కట్టి చేపలు పట్టుకునేది.

ఆ పాయలోకి నీటికుక్కలొచ్చాయి. నీటికుక్కంటే కుక్క కాదమ్మా. పొడుగ్గా, నున్నగా, మీసాలతో ముంగిసలా ఉంటుంది. అలాగని ముంగిసకీ చుట్టం కాదు. దాని చుట్టాలు కొన్ని మంచుకొండల్లో ఉంటాయట. దానికి చేపలంటే ప్రాణం.

అవి రోజూ వల కొరికేసి చేపలన్నీ తినేసేవి. నూకరత్నం పళ్ళెం వాయించింది. పోలేదు. అప్పుడు వల చుట్టూ రేకు డబ్బాలు కట్టింది. వాటితో ఆడుకున్నాయి. ఆ తర్వాత పొరుగింటి బయ్యన్న ఇనప ఉచ్చు తెచ్చిచ్చాడు.

"జాలిపడ్డావంటే పస్తులుంటావక్కా," అన్నాడు.

నిజమే, ఇంట్లో బియ్యం అడుగంటాయి. నూకరత్నం ఉచ్చు పెట్టింది.

తెల్లారి వెళ్ళి చూస్తే, ఓ ఆడ నీటికుక్క కాలు ఉచ్చులో ఇరుక్కుని ఉంది. నూకరత్నం తెడ్డు ఎత్తింది. అప్పుడు గట్టు మీది బొరియలోంచి కీచుకీచుమని ఏడుపు వినిపించింది. వంగి చూసింది. కళ్ళు కూడా తెరవని కూనలు, మూడు!

ఇంతలో మగది నీళ్ళలోంచి వచ్చింది. మనిషిని చూసి కూడా బెదరలేదు. నోట్లో చేపని తల్లి ముందు పెట్టింది. తల్లి ముట్టుకోలేదు. బొరియ వైపే చూస్తోంది.

నూకరత్నం తెడ్డు దించేసింది.

"పిల్లల తల్లివని తెలీదే అమ్మా," అంటూ కొంగు దాని మొహం మీద కప్పి, ఉచ్చు విప్పబోయింది. అది కస్సుమని చెయ్యి కొరికేసింది. నెత్తురు కారింది. అయినా నూకరత్నం పట్టు వదల్లేదు. ఉచ్చు విడదీసేసింది. తల్లి కుంటుకుంటూ బొరియలో దూరింది. ఏడుపు ఆగిపోయింది.

"ఎంత పని చేశావక్కా! రేపేం తింటావు?" అన్నాడు, సంగతి తెలిసి వచ్చిన బయ్యన్న.

"వల దగ్గరే కాపుంటాను తమ్ముడూ. చేపలు తీసేదాకా పడవ దిగను."

అలాగే కాపుంది. ఎండకి ఒళ్ళు మాడిపోయింది. చేపలు అంతంతమాత్రమే పడ్డాయి. ఎలాగో పొట్ట గడిచింది.

కొన్నాళ్ళకి, ఓ పొద్దున, తల్లి ఆ కుంటికాలితోనే నీళ్ళలోకి దిగింది. కూనలు భయపడి గట్టునే నిలబడిపోయాయి. అప్పుడు తల్లి ఒక్కోదాన్నీ మెడ పట్టుకుని నీళ్ళలో వేసింది. మొదటిది తుమ్మింది. రెండోది ఏడ్చింది. మూడోది ఈదేసింది!

నూకరత్నం పడవ కదలకుండా ఆపేసింది.

"మెల్లిగా తల్లీ, చంటిపిల్లలు, మెల్లిగా," అంది.

కథ వెళ్ళె కంచికి,
కూనలెళ్ళె తల్లి చెంతకి,
మనమెళదాం నిద్దట్లోకి.