పునుగుల్లో బల్లి

కోట వీధిలో గవరమ్మ పునుగులు వేసి అమ్ముకునేది. ఆమె మూకుట్లో బల్లి పడిందని పుకారు లేచింది. అడిగితే అందరూ "ఎవరో చూశారట" అనేవారే. బేరాలు పోయి పొయ్యి చల్లారిపోయింది. పాపం, గవరమ్మ రాజుగారికి మొరపెట్టుకుంది.

భటులు తన వంట మాని పునుగులకు ఎగబడుతున్నారని కడుపుమంటగా ఉన్న రాజుగారి వంటశాల పెద్ద విరూపాక్షయ్య కొలువులోనే నిలబడి మీసం దువ్వాడు.

"నేనే కళ్లారా చూశాను ప్రభూ! బల్లి పడ్డ పునుగులే పిల్లలకు అమ్మింది."

గవరమ్మ చేతులు జోడించి, "పసివాళ్లు విషం తింటుంటే తమరు చూస్తూ ఊరుకున్నారా బాబూ?" అంది.

రాజు కళ్లెర్రజేశాడు. విరూపాక్షయ్య మీసం మీంచి చెయ్యి తీసేశాడు.

"అబ్బే, చూడలేదు ప్రభూ... విన్నానంతే!"

"అయితే రేపట్నుంచి మొదటి వాయి నడివీధిలో నిలబడి నువ్వే తిను. జనమంతా చూడాలి."

మర్నాడు అతను తిన్నాడు, జనం చూశారు, బేరాలు పుంజుకున్నాయి. వారం తిరక్కుండానే విరూపాక్షయ్య రెండో వాయికీ చెయ్యి చాపాడు.