అందరూ ఎక్కారా?

విజయనగరంలో పైడిరాజు అనే ఆయన ఉండేవాడు. ప్రశ్నలు బోలెడు అడిగేవాడు గాని, ఒక్కదానికీ జవాబు వినేవాడు కాదు. "అన్నం తిన్నావా?" అని అడిగి, అవతలివాడు నోరు తెరిచేలోగా వీధి మలుపు తిరిగేవాడు. ఆయనకు జవాబు చెప్పాలంటే వెనకాల పరుగెత్తాలని ఇరుగుపొరుగు నవ్వుకునేవారు. మంచివాడే పాపం, నోటికున్న తీరిక చెవులకు లేదు.

ఒక పుష్యమాసపు చలిలో ఆయన భార్య సత్యవేణిని, చిన్నపిల్ల హాసినిని కారులో ఎక్కించుకుని మన్యం చూడడానికి బయలుదేరాడు. శృంగవరపుకోటలో ఇడ్లీ తిన్నారు. ఘాట్ రోడ్డెక్కి బొర్రా గుహలు చూశారు. "బాగుందా?" అని అడిగి, వాళ్ళు బాగుందనేలోగా కారు తీశాడు. అరకులోనూ అదే వరస. ఆ మలుపులకు కళ్ళు తిరిగి, సత్యవేణి తలకు శాలువా చుట్టుకుని ముందు సీట్లో ఒరిగిపోయింది.

చాపరాయి దగ్గర వాగు నీళ్ళు బండ మీద జారుతున్నాయి. సత్యవేణి కారులోనే నిద్రపోతుంటే, హాసిని చెప్పులు విడిచి నీళ్ళలో ఆడుకుంది. ఇంతలో పొగమంచు కమ్ముకొచ్చింది. "పాడేరు చేరాలి, పదండి పదండి!" అంటూ పైడిరాజు కారు దగ్గరికి వచ్చేశాడు. వెనక సీట్లో రగ్గు ఉబ్బెత్తుగా కనబడింది. పిల్ల ముసుగు తన్ని పడుకుందనుకున్నాడు. "అందరూ ఎక్కారా?" అని కేక వేస్తూనే తలుపులు ధడేలున మూసి, బండి ఉరికించాడు.

చాలా దూరం వెళ్ళాక సత్యవేణి కళ్ళు తెరిచింది. "పిల్ల కాళ్ళు నీళ్ళలో తడిసుంటాయి, తుడుస్తాను" అంటూ వెనక్కి వంగి రగ్గు లాగింది. కింద రెండు దిళ్ళున్నాయి.

"ఏమండీ! పిల్లేదండీ?"

పైడిరాజు గభాలున బ్రేకు వేశాడు. కారు వెనక్కి తిప్పాడు. పొగమంచులో దారి కనబడదు. చాపరాయి చేరి బండ మీదికి పరుగెత్తాడు.

"హాసినీ! ఎక్కడున్నావమ్మా?"

జన్మలో మొదటిసారి జవాబు కోసం ఆగాడు. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. సత్యవేణి భోరుమంది.

"నాన్నా!"

రోడ్డు పక్క మొక్కజొన్న పొత్తులు కాల్చే అవ్వ నిప్పుల దగ్గర, ఆమె దుప్పటి కప్పుకుని హాసిని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. ఒక కాలికే చెప్పుంది. పైడిరాజు పిల్లను వాటేసుకున్నాడు.

"మాతో రాకుండా ఎందుకుండిపోయావమ్మా?"

"నువ్వు అందరూ ఎక్కారా అని అడిగావు కదా నాన్నా! ఇంకా లేదు, చెప్పు దొరకలేదు అని అరిచాను. నువ్వు విన్నావనుకున్నాను."

"ఆ కేక నాకూ ఇనబడింది బాబూ" అంది అవ్వ.

కూతురి కేక ఎవరో అవ్వ చెవిన పడింది, కన్నతండ్రి చెవిన పడలేదు.

ఆ రోజు వాళ్ళు పాడేరు వెళ్ళలేదు. ఇంటికి బయలుదేరేముందు ఆయన వెనక్కి తిరిగి, మెల్లగా "అందరూ ఎక్కారా?" అని అడిగాడు. రెండు గొంతులూ "ఆఁ" అన్నాక గాని తాళం తిప్పలేదు.

కాబట్టి పిల్లలూ, ఎవరినైనా ఏదైనా అడిగితే జవాబు వినేదాకా ఆగండి. వినకుండా అడిగిన ప్రశ్న అడగనట్టే.