ఎర్ర కారుకు ఏ ప్లగ్గు?

ఆ ఎర్ర కారు మూడోసారి ఆగిపోయిన రోజున సలోమికి గురువు మీద మొదటిసారి కోపం వచ్చింది.

గురువు పేరు యాకూబ్ సాహెబ్. విశాఖపట్నం పాత పోస్టాఫీసు వెనక సందులో ఆయన షెడ్డు. పాతకాలపు కార్ల విషయంలో ఊళ్లో ఆయన మాటే చివరి మాట. సలోమి పాలిటెక్నిక్ చదివి పనికోసం తిరిగినప్పుడు ప్రతి షెడ్డువాడూ నవ్వి పంపించాడు. యాకూబ్ సాహెబ్ మాత్రం ఏమీ అడగలేదు. చేతికి స్పానర్ ఇచ్చి, బానెట్ వైపు చూపించాడు. అది జరిగి ఏడేళ్లు. ఈ ఏడేళ్లలో ఆమె ఆయనకు ఎదురు చెప్పింది లేదు.

కారు కుముదినీ దేవిగారిది. డెబ్బయ్యేళ్ల కిందట ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల రేసు కారు. ఆవిడ భర్త వర్మగారు బతికున్నన్నాళ్లూ దాన్ని అనంతగిరి ఘాట్ రోడ్డు మీద ఉరికించేవారు. ఆయన పోయాక, ఈమధ్యే, ఆవిడ నడపడం నేర్చుకుంది. రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో నిదానంగా ఆ చివరిదాకా వెళ్లి వచ్చేది.

నెల రోజులుగా కారు మొరాయిస్తోంది. దగ్గుతుంది, ఆగుతుంది, నలుగురు తోస్తేగానీ కదలదు.

"ఇంకోసారి నడిరోడ్డు మీద ఆగితే హోటలు వాళ్లకిచ్చేస్తానని మా అబ్బాయికి మాటిచ్చేశాను" అందావిడ. "ముందు హాల్లో అద్దాల పెట్టె కట్టి అందులో పెడతారట. ఈ ఆదివారం పాత కార్ల ఊరేగింపు ఉంది. అది గట్టెక్కిస్తే చాలమ్మా."

సలోమి ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే నాలుగు స్పార్కు ప్లగ్గులూ ఊడదీసింది. నాలుగూ పొయ్యిలోంచి తీసినట్టు మసిపట్టి ఉన్నాయి. పోయిన వారం వేసినవే.

యాకూబ్ సాహెబ్ అటు చూడకుండానే అరలోంచి కొత్త డబ్బా తీశాడు. "పెట్రోలు బాగాలేదు. కార్బురేటర్ శుభ్రం చేసి ఇవి వెయ్యి."

అవే ప్లగ్గులు. అదే నంబరు.

"ఉస్తాద్, ఇవి ఈ బండికి పనికిరావు" అంది సలోమి.

ఆయన చెయ్యి గాల్లో ఆగింది.

"ఇవి చల్లటి ప్లగ్గులు. వేడిని ఎప్పటికప్పుడు వదిలేస్తాయి. వర్మగారు ఘాట్ మీద ఇంజన్ని ఉడికించేవారు గనక ఆయనకి సరిపోయాయి. అమ్మగారు పరిగెత్తించరు. ఈ ప్లగ్గుకి దాని మసి అది కాల్చుకునేంత వేడే ఉండట్లేదు. వేడిని పట్టి ఉంచే రకం వెయ్యాలి."

"వర్మగారికి ఇరవై రెండేళ్లు ఇవే వేశాను" అన్నాడాయన. "ఒక్కనాడు ఆగలేదు."

"నడిపేది వర్మగారు కాదు కదా ఉస్తాద్."

కుముదినీ దేవిగారు చేతిసంచీ ఒళ్లోకి లాక్కుని కూర్చుంది.

"ఇది నా షెడ్డు" అన్నాడు యాకూబ్ సాహెబ్ మెల్లగా. "ఇందులో ఆ బండికి ఇంకో ప్లగ్గు పడదు."

సలోమి కారు తలుపు తెరిచింది. "అయితే ఇందులో వెయ్యను."

ఆమె హ్యాండ్ బ్రేకు వదిలేసి, కిటికీ కమ్మీ మీద భుజం ఆనించి తోసింది. కారు ఒక జానెడు కదిలి ఆగింది. మళ్లీ తోసింది. పాదాలు జారాయి. ఏడేళ్ల పాటు తనకు అన్నం పెట్టిన చోటునుంచి కారుతోపాటు తనూ బయటికి పోతున్నానని ఆమెకు తెలుసు. అయినా తోసింది.

కుముదినీ దేవిగారు లేచింది. సంచీ సీట్లో పడేసి, కొంగు నడుముకు దోపి, వెనకనుంచి రెండు చేతులూ వేసింది. ఇద్దరాడవాళ్లూ కలిసి కారును గడప దాటించి సందులోకి తెచ్చారు.

యాకూబ్ సాహెబ్ అడ్డం రాలేదు. సాయమూ చెయ్యలేదు.

సలోమి స్కూటర్ మీద వెళ్లి తనకు కావలసిన నంబరు ప్లగ్గులు తెచ్చింది. ఎండలో, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ చూస్తుండగా, సందులోనే నిలబడి నాలుగూ బిగించింది. ఎదుటి టైర్ల కొట్టాయన "ఉస్తాద్‌కి చెప్పే చేస్తున్నావా?" అని అడిగాడు.

"చెప్పే చేస్తున్నాను" అంది.

ఆదివారం దాకా ఉన్న రెండు రోజులూ ఆమె షెడ్డుకు వెళ్లలేదు. ఎవరూ పిలవనూ లేదు.

ఆదివారం ఊరేగింపు పొద్దున్న తొమ్మిదికి మొదలైంది. ముందు బ్యాండుమేళం, వెనక ముప్పై పాత కార్లు. మనిషి నడిచేంత వేగం. మసిపట్టే ఇంజనుకు అంతకంటే పెద్ద శిక్ష లేదు. కుముదినీ దేవిగారి పక్కసీట్లో సలోమి కూర్చుంది. ఒళ్లో స్పానర్ ఉంది. ప్రతి చప్పుడుకీ ఆమె వేళ్లు దాని మీద బిగుసుకుంటున్నాయి.

అరగంటకు ముందున్న నల్ల కారు పొగలు కక్కి పక్కకి తప్పుకుంది. గంటకు ఇంకొకటి. ఎర్ర కారు తన పాట తను పాడుకుంటూ పోతోంది.

బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర జనం మధ్యలో యాకూబ్ సాహెబ్ కనిపించాడు. చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు. కారు దగ్గరికి వచ్చింది, దాటింది. అంతసేపూ ఆయన కళ్లు తెరవలేదు. వింటున్నాడు. సలోమి గడ్డం పైకెత్తి ముందుకే చూసింది. ఒక్కసారి వెనక్కి తిరిగితే ఏడ్చేస్తానని ఆమెకు భయం.

కారు ఎక్కడా ఆగలేదు. చివర్న కుముదినీ దేవిగారు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. "మా అబ్బాయికి వినబడాలి" అంది. ఆ ఊపులోనే, "వచ్చే వారం అనంతగిరి ఘాట్ ఎక్కిస్తాను చూడు. ఆయన ఎక్కించినట్టే!" అంది.

మర్నాడు పొద్దున్న కారుతో సహా ఇద్దరూ షెడ్డు ముందు ఆగారు. ఘాట్ సంగతి కుముదినీ దేవిగారు అప్పటికే సందంతా చాటింది. సలోమి గడప బయటే నిలబడింది.

"బండిలోంచి ఒక ప్లగ్గు విప్పి తీసుకురా" అన్నాడు యాకూబ్ సాహెబ్ లోపల్నుంచి.

ఆమె బల్ల దగ్గరికి తెచ్చి పెట్టింది. అక్కడ పాతది, మసిపట్టినది, ముందే ఉంది. ఆయన భుజం మీది తెల్ల తువ్వాలు తీసి, కొసను మెలిపెట్టి, పాత ప్లగ్గు లోపల తిప్పాడు. తువ్వాలు కాటుకలా నల్లబడింది. రెండో కొసను కొత్త ప్లగ్గులో తిప్పాడు. దానికి కాస్త గోధుమరంగు పొడి అంటింది, అంతే.

ఆయన ఆ తువ్వాలును అలాగే, నల్లటి కొస ముందుకు కనబడేలా, మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. సందులోని పనివాళ్లూ, టైర్ల కొట్టాయనా చూస్తున్నారు.

"బండిని లోపలికి తీసుకురా" అన్నాడు.

సలోమికి ఛాతీ పొంగింది. ప్లగ్గు తిరిగి బిగించి కారు లోపల పెట్టగానే సుద్దముక్క తీసుకుని గోడ దగ్గరికి వెళ్లింది. అందరికీ కనబడేంత పెద్ద అక్షరాలతో 'అమ్మగారి ఎర్ర కారు' అని రాసి, దాని పక్కన తన ప్లగ్గు నంబరు రాసింది. కింద రెండు గీతలు కూడా గీసింది.

యాకూబ్ సాహెబ్ వచ్చి గోడ మీద అరచెయ్యి పెట్టి ఒక్క తుడుపు తుడిచాడు. నంబరు పోయింది.

ఆమె మొహం ఎర్రబడింది. "ఇంకా ఒప్పుకోరా ఉస్తాద్? సరైన నంబరు కాదా అది?"

"సరైనదే."

"మరి ఎందుకు చెరిపారు?"

"నేనూ ఒకప్పుడు ఇలాగే రాసుకున్నాను బేటీ. గోడ మీద కాదు." ఆయన సుద్ద అంటిన వేలితో తన నుదురు తాకాడు. "వచ్చే వారం అమ్మగారు ఘాట్ ఎక్కుతారట. ఏ ప్లగ్గు వేస్తావు?"

సలోమి నిదానం నడకకు సరిపడ్డ తన నంబరే చెప్పబోయింది. ఆయన నుదుటి మీద తెల్లటి చుక్క చూసి ఆగింది. చేతిలో సుద్దముక్క ఎప్పుడు కింద పెట్టిందో ఆమెకే తెలియదు.

"తెలీదు ఉస్తాద్" అంది చివరికి. "సగం ఘాట్ ఎక్కి, ఆపి, ప్లగ్గు తీసి చూడాలి."

"వర్మగారు ఘాట్ మీద ఎవరు ఆపమన్నా ఆపేవారు కారు" అంది కుముదినీ దేవిగారు కారులోంచి. "నేనూ ఆపను."

సలోమి ఆవిడ వైపు తిరిగింది. "ఆపుతారు అమ్మగారూ."

యాకూబ్ సాహెబ్ నవ్వు దాచుకోడానికి బానెట్ మీదికి వంగాడు.