తెడ్డుకు ఆనిన చెవి

మా పెద్దస్వామి రోజూ తెల్లవారగానే పాత తెడ్డొకటి సముద్రంలోకి దించి, దాని పిడికి చెవి ఆనించి కూర్చునేవారు. ఓంకారం వింటున్నారని మా శిష్యబృందం తేల్చేసింది. తమకూ వినిపించిందని ఇద్దరు ముగ్గురు చెప్పుకున్నారు కూడా. భక్తికి చెవులెక్కువ.

ఆశ్రమానికి కొత్తగా వచ్చిన కామేశం ఒకప్పుడు నాటువైద్యుడు. అతనిచ్చిన మందు వికటించి సొంత చెల్లెలి బిడ్డ చనిపోయాడు. ఆమెకు ముఖం చూపలేక ఇక్కడ చేరాడు. ఒక ఉదయం మా ముందే స్వామి పక్కన కూలబడి అడిగాడు.

"మంచి చేయబోయి చేసిన చెడుకి ప్రాయశ్చిత్తం ఉందా స్వామీ?"

స్వామి తెడ్డు తీయకుండానే చెప్పసాగారు.

ఇదే తీరాన ఒక జాలరిపేట ఉండేది. దాని ముందు నీళ్ళలో పగడపు దిబ్బ. అలలు దిబ్బ మీద విరిగి, పేట చేరేసరికి నీరసించేవి. దిబ్బ నిండా చిలక చేపలు, ఆకుపచ్చ, నీలం, గులాబీ రంగుల్లో. మూతి అచ్చం చిలక ముక్కే. పేట పెద్ద గరగయ్య తెడ్డుకు చెవి పెట్టి, చేపల గుంపు ఎటుందో చెప్పేవాడు. అతని మాటకు తిరుగులేదు. ఒక ఏడు సముద్రం ఒడ్డును కోయడం మొదలెట్టింది. గరగయ్య దిబ్బ దగ్గర పడవ ఆపి విన్నాడు. కటకట, కటకట. చిలక చేపలు రాతిని కొరుకుతున్నాయి. దిబ్బను తినేస్తున్నది ఇవేనన్నాడు.

"మావా, తాతల నాటి నుండీ కొరుకుతానే ఉన్నాయి. దిబ్బ అరిగిందేటి?" అంది అతని భార్య పోలమ్మ.

"తెడ్డు అబద్దం సెప్పదే," అన్నాడు గరగయ్య.

నిజమే, తెడ్డు అబద్ధం చెప్పలేదు. పేటంతా కలిసి మూడు నెలల్లో చిలక చేపన్నది లేకుండా పట్టేశారు. దిబ్బ దక్కిందని గంగమ్మకు మొక్కు చెల్లించారు. ఆ చేపలు తినేది రాతికి పట్టిన పాచినని తర్వాత తెలిసింది. తినేవాళ్ళు లేక పాచి రెండేళ్ళలో దిబ్బనంతా కప్పేసింది. కింద పగడం చచ్చి, గుల్లబారి, కొన్నేళ్ళకు విరిగిపడింది. ఆ పైన వచ్చిన తుఫానులో అలకు అడ్డం లేకపోయింది. పేట పోయింది. పోలమ్మ పోయింది. తాటిచెట్టు పట్టుకుని గరగయ్య ఒక్కడే మిగిలాడు.

"మరి అతనేం చేశాడు స్వామీ?"

"ఆ కటకట మళ్ళీ వినిపిస్తుందేమోనని కూర్చున్నాడు."

కామేశం తెడ్డు వంక చూశాడు. స్వామి చెవి అంచున, పిడి ఆనేచోట, చర్మం కాయ కాసి ఉంది. అన్నేళ్ళుగా రోజూ చూస్తూ, ఓంకారమనుకున్నందుకు నాకు సిగ్గేసింది. ఏడుపొచ్చింది.

"వినిపించిందా?" కామేశం అడిగాడు.

స్వామి చెవి తీయలేదు. మేమెన్నడూ ఆయన నోట వినని పేట యాసలో అన్నారు.

"ఇయాళ లేదు."