తల్లి పొడిచిన పిల్ల

"మలిక్! ఒరే దావల్‌మలిక్!"

గుట్ట కింద నుంచి ఓబులక్క కేక. దర్గా మెట్ల మీద కూర్చున్న మలిక్ లేచి నిలబడ్డాడు. ఆమె రొప్పుతూ పైకొచ్చింది.

"నా గొర్రెలు కుంటుతుండాయిరా. నోట్లో పుండ్లు, నురగ. గాలికుంటే! టీకా వేపిస్తే రానే రాదని ఒట్టేసి చెప్తివే!"

నిజమే, చెప్పాడు. రెండు నెలల కింద పశువుల డాక్టరు వెంట మందుల పెట్టె మోస్తూ ఇల్లిల్లూ తిరిగాడు. ఒక్క మందనూ వదల్లేదు. ఆ సాయంత్రాలు ఊరి గొర్రెలన్నీ తన గుండెలోనే పడుకున్నట్టు ఉండేది.

డాక్టరుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"మందు మంచిదే," అన్నాడాయన. "ఈసారి వైరస్ మారి వచ్చిందేమో. నమూనా పంపుదాం. మొదట ఏ మందలో కనబడిందో కనుక్కో. దాంతో కలిసి మేసినవి రేపు సంతకు పోతే పది ఊళ్లకు అంటుకుంటుంది."

"మొదట యాడరా?" అంది ఓబులక్క.

"నాకేం తెలుసక్కా!" అంటూనే మలిక్ దర్గా వెనక దొడ్లోకి పరుగెత్తాడు. అక్కడ అతని గురువు ఖాసిం తాత గొర్రెలకు ఆకు వేస్తున్నాడు. ఓబులక్కా వెనకే వచ్చింది.

"తాతా, టీకా వేసినవాటికే వచ్చింది. అయితే అదంతా అబద్ధమేనా?"

ఒక గొర్రె కింద కవల పిల్లలు పాలు తాగుతున్నాయి. తాత ఒకదాన్ని పట్టుకుని, ఒళ్లంతా వేపనూనె రుద్ది వదిలాడు. తల్లి దాన్ని వాసన చూసింది. తలతో ఒక్క పోటు పొడిచింది. పిల్ల అరుస్తూ మళ్లీ పొదుగు దగ్గరికి పోయింది. మళ్లీ పోటు.

"అయ్యో, దాని పిల్లే కదా తాతా!"

"ముక్కు చెడిందంటావా?"

మలిక్ చూశాడు. రెండో పిల్లను తల్లి ప్రేమగా నాకుతూనే ఉంది.

"లేదు తాతా. ముక్కు బాగానే ఉంది. పిల్ల వాసనే మారింది."

తాత ఆ పిల్లను ఒళ్లోకి తీసుకుని తన తువ్వాలుతో తుడవసాగాడు.

"మారిందని తల్లికి తెలీదు, మలిక్. నూనె రుద్దుతుంటే చూసినవాడికి తెలుసు."

మలిక్ ఓబులక్క వైపు తిరిగాడు.

"అక్కా, సంతకు గొర్రెల్ని తోలొద్దని అందరికీ చెప్పు. నాలుగు రోజుల కిందటే మా పొట్టేలు నోట్లో పుండు చూసినా. టీకా వేసినదానికి వచ్చిందంటే నా మాట ఇంకెవురు నమ్ముతారని కొట్టంలో దాచినా. అంతకుముందు దినం అది నీ గొర్రెలతోనే మేసింది."