శేషారత్నం గారి తొంభై రోజులు

దక్షిణామూర్తి గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. "చెప్పులు వేసుకో" అంటారు. అడిగినవాళ్లని వెంటబెట్టుకుని ఎక్కడికో నడిపిస్తారు. అక్కడ ఏం జరిగితే అదే జవాబు. పేరుకు తగ్గ గురువు దొరికాడని మేం వెనకాల నవ్వుకునేవాళ్లం. చీరాలలో ఒక ఇనుప సామాన్ల కొట్టు మేడమీద గదిలో ఆయన బీమా ఏజెంట్లకు పాఠాలు చెప్పేవారు. పాఠాలు అన్నది మర్యాదకు అంటున్నాను. మూడేళ్లు ఆ గదిలో కూర్చున్నవాణ్ణి, బోర్డు మీద ఆయన ఒక్క అక్షరం రాయగా చూసిన పాపాన పోలేదు.

నాగూర్‌బీ మా అందరికన్నా వెనక చేరింది. అంతకుముందు పదిహేనేళ్లు మిషను కుట్టింది. కొలత చేతికి రానిదే కత్తెర పట్టని మనిషి. మాలాగా తల ఊపి ఊరుకునే రకం కాదు. కంపెనీ ఎప్పుడో మూలన పడేసిన దీర్ఘకాల సంరక్షణ పాలసీని ఆ ఏడు దుమ్ము దులిపి మళ్లీ అమ్మమంది. నాగూర్‌బీ పత్రాలన్నీ చదివి బట్టీపట్టింది. స్నానం, బట్టలు వేసుకోవడం, తినడం, పాయిఖానాకు వెళ్లడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోవడం. ఈ ఆరు పనుల్లో ఏ రెండైనా మరొకరి సాయం లేకుండా చేసుకోలేని స్థితి వస్తే కంపెనీ ఒక నర్సును పంపుతుంది. ఆవిడ చూసి, అవునని రాసిన రోజు నుంచి తొంభై రోజులు ఆగాలి. ఆ తర్వాత నెలనెలా డబ్బు వస్తుంది. ఇవన్నీ ఆమె ఒక్క గుక్కలో చెప్పేది, అయినా ఒక్క పాలసీ కూడా అమ్మలేకపోయింది.

ఒకరోజు ఉదయం అందరి ముందూ అడిగేసింది.

"గురువుగారూ, ఆసుపత్రి పాలైతే ఇచ్చే పాలసీ ఉంది. పోతే ఇచ్చే పాలసీ ఉంది. ఇది ఆ రెంటికీ కాదు. లేవలేని మనిషికి నెలనెలా డబ్బొస్తే ఆయనకి ఒరిగేదేముంది? ఇంటింటా నన్ను అదే అడుగుతున్నారు."

ఆయన గోడ గడియారం వైపు చూసి, "చెప్పులు వేసుకో అమ్మా, వేళయింది" అన్నారు. ఆ తర్వాతి సంగతంతా నాగూర్‌బీ నాకు చెప్పిందే. రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ ఒకే చోట ఆగింది.

వాళ్లు వెళ్లింది గోరంట్ల పిచ్చయ్య గారింటికి. హైస్కూల్లో ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషి. ఆయన ఈలకు ఊళ్లో సగం మంది ఎండలో నిటారుగా నిలబడ్డవాళ్లే. పద్నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. భార్య శేషారత్నం గారు, ఆయన, అంతే ఆ ఇంట్లో. పిల్లలు లేరు. పాలసీ ఉన్న సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా కంపెనీకి ఒక్క ముక్క రాయలేదు. ఇంటికొచ్చి గడ్డం గీసే మంగలి మాటల్లో అంటే, మొన్న మొన్ననే గురువుగారి చెవిన పడింది. ఆయనే వెళ్లి బతిమాలి దరఖాస్తు పెట్టించారు. నర్సు వచ్చే రోజు అదే.

దారిలో ఆయన ఒకటే షరతు పెట్టారు. నర్సు అడుగుతున్నంతసేపూ ఏజెంట్లు నోరు మెదపకూడదు. కంపెనీ నియమం అది.

లోపలికి వెళ్లేసరికి పిచ్చయ్య మాస్టారు ముందుగదిలో చేతుల కుర్చీలో కూర్చుని ఉన్నారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత నలగలేదు. మీసానికి రంగు. తల నున్నగా దువ్వి ఉంది. "నమస్కారం" అన్నారు. మాట కొంచెం ముద్దగా వచ్చిందేగాని గట్టిగానే వచ్చింది. ఎడమచెయ్యి నుదుటిదాకా లేచింది. నాగూర్‌బీకి అనుమానం మొదలైంది. ఈయనకేమైంది? నిక్షేపంలా ఉన్నాడు కదా. లేని జబ్బు చూపించి డబ్బు రాబట్టడానికా గురువుగారు తనను తీసుకొచ్చింది? ఆ ఆలోచనకే ఆమెకు ఒళ్లు మండిందట.

నర్సు పేరు సారమ్మ. నెమ్మది మనిషి. ఫారం ఒళ్లో పెట్టుకుని మాస్టారినే అడిగింది. ఆయన నోరు తెరిచేలోగా శేషారత్నం గారే అందుకునేవారు.

"స్నానం ఎవరు చేయిస్తారండీ?"

"ఒకరు చేయించడమేంటమ్మా! నేను నీళ్లు తోడి పెడతాను. ఆయనే పోసుకుంటారు."

"బట్టలు?"

"ఆయనకి ఒకళ్లు బట్టలేస్తే నచ్చదమ్మా. మొదట్నుంచీ అంతే."

"భోజనం?"

"ఆయన కంచం ఆయనదే."

సారమ్మ ఒక్కొక్కదానికీ, తనే చేసుకోగలరు అని టిక్కు పెట్టుకుంటూ పోయింది. మూడయ్యాయి. శేషారత్నం గారు తలుపు వారన నిలబడి, పైట భుజం చుట్టూ నిండుగా కప్పుకుని, నవ్వుతూ చెబుతున్నారు. పరాయివాళ్ల ముందు మొగుడి స్నానం సంగతులు, పాయిఖానా సంగతులు మాట్లాడటం ఆవిడ ఇంటా వంటా లేదు. ఊరంతా నిటారుగా నిలబెట్టిన మనిషిని పట్టుకుని, ఈయన కడుక్కోలేడు అని ఒక కాగితం మీద రాయించడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. ఎవరైనా ఇంటికొస్తే బాగున్నామని చెప్పాలి. ఆవిడ అదే చెప్పారు.

నాలుగో టిక్కు పడబోతుండగా గురువుగారు నియమం తప్పారు.

"సిస్టర్, మంచం మీదకి మారడం మాత్రం మీ కళ్లతో చూసి రాయండి. అమ్మా, మనం అందాకా వరండాలో కూర్చుందాం రండి."

ఆవిడ ముఖంలో నవ్వు చప్పున ఆరిపోయింది. "ఆయన ఇప్పుడే కూర్చున్నారండీ. అలిసిపోతారు."

"రండమ్మా."

వరండాలో బల్ల ఉంది. ఆవిడ కూర్చోలేదు. గురువుగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. లోపల సారమ్మ గొంతు వినబడింది. మీరెప్పుడూ మారినట్టే మారండి మాస్టారూ, నేను చూస్తానంతే, అంటోంది. కుర్చీ కిర్రుమంది.

"రత్నం" అని పిలిచారు పిచ్చయ్య గారు.

ఆవిడ ఒక్క అంగలో గుమ్మం దగ్గరకు వచ్చారు. గురువుగారు కదల్లేదు.

"తప్పుకోండి."

"ఒక్క నిమిషం అమ్మా."

"రత్నం!"

ఆ గొంతులో డ్రిల్లు మాస్టారు లేడు. చీకట్లో తప్పిపోయిన పిల్లవాడి గొంతు అది. నాగూర్‌బీ గురువుగారి చెయ్యి పట్టి లాగేద్దామనుకుంది. గురువు కదా అని ఆగిపోయింది. అలా ఆగినందుకు ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటుంది.

"రత్నం, ఆగట్లేదు."

ఆ మాటతో శేషారత్నం గారు గురువుగారిని ఎడమచేత్తో ఒక్క తోపు తోశారు. డెబ్బై ఏళ్ల మనిషి గోడకు కొట్టుకున్నాడు. "మీరసలు మనిషి పుటక పుట్టారా?" అంటూ లోపలికి పోయారు. వెనకే నాగూర్‌బీ పరుగెత్తింది.

తెల్ల ప్యాంటు మోకాళ్ల దాకా తడిసిపోయింది. సారమ్మ పట్టుకోబోతుంటే మాస్టారు ఎడమచేత్తో విదిలిస్తున్నారు. శేషారత్నం గారు ఇంక ఎవరినీ చూడలేదు. పరుపు కింద నుంచి మెలితిప్పిన పాత నేతచీర ఒకటి లాగారు. కుర్చీకి వీపు పెట్టి గొంతుకూర్చున్నారు. భర్త రెండు చేతులూ తన మెడ చుట్టూ వేసుకున్నారు. ఆయన నడుం చుట్టూ, తన నడుం చుట్టూ ఆ చీర తిప్పి, ఒక కొస పళ్లతో పట్టుకుని ముడి బిగించారు. నేలకు ఎడమచెయ్యి ఆనించి లేచారు. తనకంటే జానెడు పొడుగున్న మనిషిని వీపున మోసుకుంటూ నాలుగడుగులు వేసి, మంచం మీదకు వాల్చి, తనూ పక్కనే కూలబడి ముడి విప్పుకున్నారు. లేచి దుప్పటి కప్పారు. దాని కిందే తడి ప్యాంటు ఊడదీశారు. ఇదంతా రెండు నిమిషాల్లో అయిపోయింది. రోజుకు ఎన్నిసార్లు చేస్తే ఆ వేగం వస్తుందో నాగూర్‌బీ లెక్క కట్టుకోబోయి మానేసిందట.

పైట ఎప్పుడు జారిందో ఆవిడ చూసుకోలేదు. మెడ కింద నుంచి కుడి భుజం దాకా నల్లగా కమిలి ఉంది. కుడిచెయ్యి మోచెయ్యి కిందికి ఊరికే వేలాడుతోంది. ఇంతసేపూ ఆవిడ పని చేసింది ఎడమచేత్తో, పళ్లతో.

సారమ్మ లేచి దగ్గరకు వెళ్లింది. "అమ్మా, ఈ చెయ్యి ఎన్నాళ్లుగా ఇలా ఉంది?"

"ఏ చెయ్యి?" అన్నారు శేషారత్నం గారు.

నాగూర్‌బీ ఆగిపోయేది ఇక్కడే. కంటి ముందు వేలాడుతున్న చేతిని ఆవిడ నిజంగానే మరిచిపోయారా, లేక అలవాటుగా దాచారా, తనకు ఇప్పటికీ తెలియదంటుంది.

పిచ్చయ్య గారు గోడవైపు తిరిగి ఉన్నారు. అలాగే ఉండి మాట్లాడారు. ఒక్కో మాటా కూడదీసుకుంటూ వచ్చింది.

"రాయమ్మా సిస్టర్. నా వల్ల ఏదీ కాదని రాయి. ఆవిడ చెప్పేది నమ్మొద్దు."

సారమ్మ పెట్టిన మూడు టిక్కులూ కొట్టేసి, పక్కన సంతకం చేసి, కొత్తగా రాసింది. రాశాక తప్పదు కాబట్టి నియమం చెప్పింది. పద్నాలుగు నెలలుగా ఇలాగే ఉన్నా, చూసి రాసింది ఇవాళ కాబట్టి తొంభై రోజుల గడువు ఇవాళే మొదలవుతుంది. అప్పటిదాకా డబ్బు రాదు, ఆ డబ్బుతో సాయానికి మనిషిని పెట్టుకునే వీలూ లేదు. ఈ మాట చెప్పేటప్పుడు సారమ్మ తల ఎత్తలేదు.

శేషారత్నం గారు ఫారం మీద ఎడమచేత్తో వంకరగా సంతకం పెట్టారు.

"తొంభై రోజులేనా? అయితే తర్వాత నేను పడుకోవచ్చా అమ్మా?" అని అడిగారు.

సారమ్మ ఆవిడ భుజం చూడటానికి కూర్చుంది. తొంభై రోజులూ రోజుకో పూట తను వస్తానని నాగూర్‌బీ అక్కడికక్కడే అనేసింది. ఎందుకు అన్నావంటే, నా నోరు నా మాట వినలేదు అంటుంది. అన్న మాట నిలబెట్టుకుంది కూడా.

వీధిలోకి వచ్చాక మాత్రం ఆమె గురువుగారి మీద విరుచుకుపడింది.

"అంత పెద్దమనిషి పరువు తీశారు గురువుగారూ. ఇంకో దారి లేదా? నేను ఇలాంటి పాఠం అడగలేదు."

గురువుగారి మోచెయ్యి గోడకు రాసుకుని రక్తం కారుతోంది. తుడుచుకోలేదు. ఎప్పుడూ ఎవరికీ ఏదీ విప్పి చెప్పని ఆ మనిషి ముఖం పాలిపోయి ఉందట. శేషారత్నం గారు భర్త స్థితి దాస్తున్నారని ఆయనకు తెలుసు. ఆ చెయ్యి సంగతి తెలియదు. నాలుగడుగులు నడిచి నిలబడ్డారు.

"తొమ్మిదేళ్ల కిందట ఈ పాలసీ రాసింది నేనే. ఆయన్ని ముప్పై రెండు ప్రశ్నలు అడిగాను. బీపీ, షుగరు, చిన్నప్పుడు విరిగిన ఎముక దాకా" అన్నారు. "ఆవిడనీ ఒకటి అడిగాను. కాఫీలో పంచదార తగ్గించమని."